దాది ఎటు పోయినట్టు

మాతే అనే ఆకు కషాయం తాగే సొరబుర్రలో నిన్నటి తడి ఆకు అలాగే వదిలేశారని ఆదివారం పొద్దున్నే రుఫీనో సణుగుడు మొదలుపెట్టాడు. తాను నిన్న తాగనేలేదని కూతురు నెలిదా అంది. చివర తాగింది నువ్వేనని అతనూ వదల్లేదు. వాళ్లు వాదించుకుంటుండగానే రుఫీనో భార్య అంపారో బుర్రను తీసి, ఆకు దులిపి, కడిగి పెట్టింది. ఆ తర్వాత ఎవరూ దాని ఊసెత్తలేదు.

పైసందూ పట్నంలో తమ పేట నాటక బృందానికి రుఫీనోయే దర్శకుడు. ఏటా చలికాలంలో ఒకే పాత నాటకం వేస్తారు. మొదటి అంకంలో అమ్మాయిని పెంచిన దాది ఆమె చెయ్యి పట్టుకుని, నిన్ను విడిచి ఎక్కడికీ పోనని ఒట్టేస్తుంది. రెండో అంకం తర్వాత ఇక కనబడదు. చచ్చిపోయిందని ఎవరూ అనరు, ఏదీ అని ఎవరూ అడగరు.

బుర్ర గొడవ కాస్తా ఈ గొడవలోకి దిగింది. అమ్మాయి ఒంటరితనం మనకు తెలియాలనే రచయిత అలా రాశాడని రుఫీనో వాదన. ఆయన శుభ్రంగా మరచిపోతే ఆ మరపుకి మీరంతా దండలేస్తున్నారని నెలిదా ఎత్తిపొడుపు.

అంపారో మధ్యాహ్నం భోజనానికి రావియోలీ చేద్దామని పిండి వత్తుతూ వింది. ఏళ్లుగా ఆ దాది తనే. రెండో అంకం కాగానే తెర వెనక చీకట్లో గౌను విప్పి, కన్యాస్త్రీల మఠం పెద్దమ్మ వేషానికి నల్లంగీ తొడుక్కునేదీ తనే. మోకాళ్లు పట్టేస్తే గోడ ఆసరాగా నిలబడుతుంది. కిందటేడు తొందరలో దాది తెల్లటోపీతోనే పెద్దమ్మగా వచ్చేసింది. ఇంట్లో ఈ ఇద్దరూ కూడా గమనించలేదు. రేపటినుంచి మళ్లీ రిహార్సళ్లు. చెయ్యగలవా అని ఎవరూ అడగలేదు.

భోజనాల దగ్గర వాదన తిరిగి లేచింది.

"నువ్వు చెప్పవే ముసలీ, కావాలనే చేశాడా, మరచిపోయాడా?" అంటూ రుఫీనో పళ్లెం చాపాడు.

"రెండూ కాదు. మనుషులు చాల్లేదు. దాది వేసినావిడే ఇంకో వేషం కట్టాలి, అందుకని పంపేశాడు."

"నీకెలా తెలుసమ్మా?" అంది నెలిదా.

"తెర వెనక ఉండేది నేనే కదా."

రుఫీనో నవ్వాడు. అయితే చిక్కు తీరిపోయింది, ఈ ఏడూ అలాగే కానిద్దామన్నాడు.

అంపారో అతని పళ్లెంలో వడ్డించి, తన కుర్చీలో కూర్చుంది.

"ఈ ఏడు నేను దాది ఒక్కటే వేస్తాను. చివరిదాకా ఆ పిల్ల పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాను. మాటలేం రాయొద్దు నాకు. మఠం పెద్దమ్మ వేషం నువ్వు కట్టు రుఫీనో. అంగీ నడుం దగ్గర వదులు చేసుకోవాలి. సూదీ దారం సొరుగులో ఉన్నాయి."