కత్తెరమ్మ కొలతల పుస్తకం

ఆ వీధిలో ఆవిణ్ణి అందరూ కత్తెరమ్మ అంటారు. బట్టలు కుట్టే కొట్టు కనక ఆ పేరు అనుకుంటే పొరపాటు, అది ఆవిడ నోటి దురుసుకి వచ్చిన పేరు. చెప్పిన రోజు కంటే ముందొచ్చి చొక్కా అడిగితే, "నేనేమన్నా మంత్రం వేస్తున్నానా?" అని కసిరేది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, ఆ నోటితో ముప్పై ఏళ్లు కొట్టెలా నడిచిందో ఆ ఊరికే తెలియాలి.

అలాంటి మనిషి ఆ వారమంతా వచ్చినవాళ్లందరితో తియ్యగా మాట్లాడింది. కారణం కోడలు.

కోడలు పళ్ల డాక్టరు దగ్గర పని చేస్తుంది. తీరిక దొరికితే చాలు, ఒకదాంట్లో ఒకటి బిగించే చిన్న చిన్న ప్లాస్టిక్ ముక్కలతో బొమ్మలు కడుతుంది. "ఇంత వయసొచ్చి బొమ్మలాటేమిటే" అని అత్తగారు దెప్పని రోజు లేదు. ఓ రోజు ఆ పిల్ల బల్ల మీద కప్పిన గుడ్డ తీసి చూపించింది. అత్తగారి కొట్టు! కుట్టుమిషను, మూల పగిలిన అద్దం, ఒక కాలు పొట్టిదైన స్టూలు, ఆ కాలి కింద మడత పెట్టిన గుడ్డ. మిషను దగ్గర మెడలో టేపు వేసుకుని చిరాగ్గా చూస్తున్న బొమ్మ. కత్తెరమ్మ వంగి ఆ గుడ్డని వేలితో తాకి చూసింది. ఆ కాలి కింద గుడ్డ ఉందని ఇంట్లో ఒక్కరైనా గమనించారని ఆవిడ ఎన్నడూ అనుకోలేదు మరి.

ఆ ఫొటోలు కోడలు ఒక బొమ్మల కంపెనీ వెబ్‌సైటులో పెట్టింది. అక్కడ ఎవరైనా తమ ఆలోచన పెట్టొచ్చు, నచ్చినవాళ్లు ఓటేస్తారు. ఏడాదిలో పదివేల ఓట్లొస్తే, తయారు చెయ్యాలా వద్దా అని కంపెనీవాళ్లు ఆలోచిస్తారు. రాకపోతే తీసేస్తారు. ఆ గడువు శనివారం సాయంత్రం ఐదింటికి తీరిపోతుంది.

శనివారం రెండింటికి కోడలు దిగాలుగా కొట్టుకొచ్చింది. "ఇంకా నూట ఎనభై తక్కువ అత్తయ్యా. ఇక రావు."

"ఎందుకు రావే? వారం నుంచి ప్రతివాళ్ల చేతా ఓటు నొక్కించాకే బట్టలిస్తున్నాను. రెండొందల మంది!"

"ఏ ఫోన్లో?"

"నా ఫోన్లోనే. వాళ్ల ఫోను తీసి, అదెక్కడుందో వెతికి... అంత ఓపిక ఎవరికుంది?"

కోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఒక ఖాతాకి ఒక్కటే ఓటు అత్తయ్యా. మళ్లీ నొక్కితే వేసింది పోతుంది. ఇంకోసారి నొక్కితే తిరిగొస్తుంది."

కత్తెరమ్మ ప్రాణం ఉసూరుమంది. వారమంతా వేసి తీసి, తీసి వేసి! "సాయం చేస్తున్నాననుకుని నిలువునా ముంచానే తల్లీ!"

"పోనీలెండి. నా కోసం అంతమందిని అడిగారు, నాకదే చాలు."

ఆ మాటతో ఆవిడకి ఇంకా బాధేసింది. సొరుగులోంచి కొలతల పుస్తకం తీసింది. పేరు, ఛాతీ, నడుము, ఫోన్ నంబరు. ఫోన్ చేసి ఒకరిని సాయం అడిగి ఎరగని మనిషి, మొదటి నంబరు నొక్కింది.

"నేను, కత్తెరమ్మని," అంది. ఆ పేరు తన నోటితో తను అనడం అదే మొదటిసారి. "పొరపాటు చేశానమ్మా. మా కోడలి బొమ్మకి ఓటెయ్యాలి. ఇంట్లో అందరూ, ఎవరి ఫోన్లో వాళ్లు."

అవతల బ్యాంకు ఉద్యోగిని పకపకా నవ్వింది. "పదిహేనేళ్లలో నా నడుము ఎన్ని అంగుళాలు పెరిగిందో మా ఆయనక్కూడా చెప్పలేదు మీరు. ఈపాటి చెయ్యలేనా?"

బస్సు డ్రైవరు అన్నాడు, "ఉద్యోగం ఇంటర్వ్యూ నాడు చొక్కా చిరిగితే, తిడుతూనే కుట్టి పంపారు, గుర్తుందా? షిఫ్టు దిగగానే మా డ్రైవర్లందరి చేతా వేయిస్తాను."

ఆవిడకి గుర్తు లేదు. పేజీలు తిరిగేకొద్దీ కళ్లు తుడుచుకుంటూనే తరవాతి నంబరు నొక్కింది. కోడలు లింకులు పంపుతూ అంకె చదివింది. తొంభై తక్కువ. నలభై. నాలుగున్నరకి పదకొండు దగ్గర ఆగిపోయింది. పావుగంట గడిచినా అదే పదకొండు. పుస్తకమూ అయిపోయింది.

నాలుగు ముప్పావుకి డ్రైవర్లు షిఫ్టు దిగారు.

"పదివేల ఇరవై మూడు!" కోడలు అత్తగారిని వాటేసుకుని ఏడ్చేసింది. "నా నెత్తిన పాలు పోశారు అత్తయ్యా."

"నేనా? ముప్పై ఏళ్లుగా ఆ స్టూలు మీద కూర్చున్నాను, నన్నెవరు చూశారే? నువ్వు చూశావు. నీ మేలు మరిచిపోలేను. ఉండు, అసలు నా ఓటుందో లేదో చూడు."

లేదు. సరిసంఖ్య మందే నొక్కినట్టున్నారు.

"ఇప్పుడిక అవసరం లేదుగా అత్తయ్యా."

"అవసరం కోసమా వేసేది?" అంటూ కళ్లజోడు సర్దుకుని, జాగ్రత్తగా ఒక్కసారే నొక్కింది. పదివేల ఇరవై నాలుగు.

అప్పుడే కళ్లజోళ్ల కొట్టాయన ప్యాంటు కోసం లోపలికొచ్చాడు. "ఓటు నొక్కితేనే బట్టలట కదా, ఏదీ ఫోను?" అంటూ హుషారుగా చెయ్యి చాపాడు.

"ముట్టుకున్నావో, వేలు కత్తిరిస్తాను!"

కత్తెరమ్మ ఫోనుని కొలతల పుస్తకం మీద పెట్టి, సొరుగు మూసి, తాళం వేసింది.