దర్జీగారి ముందుపన్ను

దర్జీగారి ముందుపన్ను దేవుడిచ్చింది కాదు, డాక్టరమ్మ పెట్టింది. దవడ ఎముకలోకి మర దించి, దానిమీద పన్ను బిగించి చాలా ఏళ్ళయింది. అంతకుముందు ఆయన సందు కనబడుతుందన్న సిగ్గుతో పెదవులు బిగించుకునే బతికారు. ఇంట్లో భార్యతో కూడా తలూపడమే తప్ప మాటలేదు. పన్ను వచ్చాక నోరు విప్పారు, ఇక మూస్తే ఒట్టు.

అలాంటి పన్ను చుట్టూ ఇప్పుడు చిగుళ్ళు వాచాయి. బ్రష్ తగిలితే చాలు, రక్తం. నిర్లక్ష్యం చేశారా అంటే అదీ లేదు, కంటికి రెప్పలా చూసుకున్నారు. ఊడిపోతుందేమోనన్న దిగులుతో ఆయనకు తిండి సహించడంలేదు. చివరికి భార్యే రెక్క పట్టుకుని తీసుకొచ్చింది.

డాక్టరమ్మ లైటు వంచి, సన్నటి పరికరంతో చిగురు అంచు మెల్లగా తడిమింది. ఎర్రటి పోగొకటి బయటికొచ్చింది.

"ఏంటండీ ఇది?"

దర్జీగారు ఇట్టే గుర్తుపట్టారు. "కాజాలు కుట్టే దారమమ్మా. పళ్ళ సందులు దారంతో శుభ్రం చేసుకోమన్నది మీరే కదా."

"నేనిచ్చిన దారం ఏమైంది?"

"అది ఉత్త నాసిరకం. మంచిది వాడాను. గట్టిగా లాగాను కూడా."

డాక్టరమ్మకు నవ్వాగలేదు. "ఈ కోటు మీరు కుట్టిందే. చిరిగితే నేను గోనెసంచులు కుట్టే దబ్బనంతో బాగుచేస్తే ఊరుకుంటారా?"

"చెయ్యి విరగ్గొడతాను," అనేసి, వెంటనే నాలిక్కరుచుకున్నారు.

ఎక్స్‌రే వచ్చేదాకా ఆయన కుర్చీ చేతులు వదల్లేదు.

"ఎముక చెక్కుచెదరలేదు. పుండు పడింది చిగుళ్ళకే, అది మానిపోతుంది. ఇక ఆ పన్ను దగ్గర ఏ దారమూ వద్దు, ఈ బుల్లి బ్రష్ చాలు. ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకోండి."

పన్ను చుట్టూ శుభ్రం చేసి పంపించింది. దర్జీగారికి ప్రాణం లేచొచ్చింది.

బయట కూర్చున్న భార్యతో "పన్నుకేం ఢోకా లేదట," అన్నారు. ఇన్నాళ్ళూ ఆయనకు ధైర్యం చెప్పిన మనిషి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"పన్ను కోసం ఏడుస్తారా ఎవరైనా?"

"పన్నుదేముంది, పోతే ఇంకోటి పెట్టించుకుంటాం. మీరు మళ్ళీ నాతో మాట్లాడడం మానేస్తారేమోనని."

బస్సులో దర్జీగారు మాట్లాడుతూనే ఉన్నారు, ఆవిడ వింటూనే ఉంది. దిగాల్సిన చోటు ఎప్పుడో దాటిపోయింది.