మారు వడ్డన

కోరుకొండ శిఖరాన కొలువై, మెట్లెక్కి వచ్చిన వారి అలసటనూ ఆకలినీ కూడా ఎరిగిన లక్ష్మీనరసింహస్వామికి తొలుత చేతులు జోడించి, ఒక పూట భోజనం కథ చెబుతున్నాను.

కాశీయాత్రకు బయలుదేరిన భీమరాజుగారూ, ఆయన భార్య మాణిక్యాంబగారూ మధురపూడి విమానాశ్రయంలో తనిఖీలన్నీ ముగించుకొని లోపలికి వచ్చేసరికి, హైదరాబాదు విమానం బాగా ఆలస్యమని తెలిసింది. భీమరాజుగారి బెంగ విమానం గురించి కాదు. ఎదురుగా అద్దాల గోడ పక్కన చిన్న భోజనశాల ఉంది. దానిని నడుపుతున్నది ఆయన మనవరాలు శ్రీదుర్గ.

ఆ ఇంటివారికి అన్నం పెట్టడమే తెలుసు, అమ్మడం తెలియదు. కోరుకొండ స్వామివారి కల్యాణానికి వచ్చే యాత్రికులకు తాతల నాటి నుంచి వారి చావడిలో విస్తళ్లు లేస్తూనే ఉన్నాయి. అందుకే, హోటలు చదువు చదివి శ్రీదుర్గ ఈ ఉద్యోగంలో చేరిన నాడు భీమరాజుగారు తెగేసి చెప్పారు. "అన్నవిక్రయం మన వంశంలో లేదమ్మా. నీ చేతి వంట ఇంట్లో ఎన్నిసార్లయినా తింటాను. అక్కడ మాత్రం మెతుకు ముట్టను." అప్పటినుంచి ఆ పిల్ల మళ్లీ రమ్మనలేదు, ఆయన వెళ్లనూ లేదు.

"ఆ పులిహోర క్యారేజీ ఇలా తియ్యి," అన్నారాయన భార్యతో.

"కారులో మరిచిపోయానండి."

ఆమె ముఖంలో మరిచిపోయిన కంగారు ఏ కోశానా లేదు. "నేను తిని మాత్ర వేసుకోవాలి. మీరు పక్కన కూర్చుని చూస్తూ ఉండండి," అని లేచి నడిచింది. ఆయన వెంట వెళ్లక తప్పలేదు.

శ్రీదుర్గ ఎదురొచ్చి నాయనమ్మకు పళ్లెం పెట్టింది. పప్పు, కొత్తిమీర కారం పెట్టిన వంకాయ, మజ్జిగపులుసు. తాతగారి ముందు గ్లాసు మాత్రం ఉంచింది.

"మంచినీళ్లు తాగొచ్చు కదండీ తాతగారూ. వాటికి బిల్లు లేదు."

ఆయన గ్లాసు ముట్టలేదు. పక్క బల్ల దగ్గర ఒకాయన తినడం ముగించి లేవబోయాడు. శ్రీదుర్గ అన్నపు గిన్నె, నేతి గిన్నె పట్టుకొని అడ్డు నిలిచింది.

"కూర్చోండి బంగార్రాజుగారూ. ప్రయాణం పెట్టుకుని మారు వేయించుకోకుండా లేస్తారేంటండి?"

ఆయన నవ్వుతూ కూర్చున్నాడు. భీమరాజుగారి వైపు తిరిగి, "మీరు ఇక్కడికి కొత్తనుకుంటానండి," అన్నాడు. "మాది కడియంలో నర్సరీ. మొక్కల పని మీద ఊళ్లు తిరుగుతానండి. ఏ ఎయిర్‌పోర్టులోనైనా ప్లేట్లో పడేసింది తిని లేవడమే. ఇక్కడొక్కచోటే మారు వడ్డించందే కదలనివ్వరు. దానికి పైసా అడగరు. ఈ అమ్మాయి ఏ ఇంటి పిల్లోగానీ అండి, పెట్టిన చేతుల్లో పెరిగింది."

భీమరాజుగారు ఆమె చేతిలోని నేతి గిన్నె వైపు చూశారు. ఒక్క వడ్డనతో మనిషిని విస్తరి ముందునుంచి లేపడం అశుభమని ఆ పిల్లకు నేర్పింది తానే. చావడిలో తాను వరుసల వెంట నడుస్తుంటే, పరికిణీ ఎగదోపుకొని నేతిగిన్నెతో వెనక నడిచేది.

"నీ పైవాళ్లు దీనికి ఒప్పుకున్నారా అమ్మా?"

"చేరకముందే చెప్పానండి. మొదటి వడ్డన మీది, ధర మీ ఇష్టం. మారు వడ్డన మా ఇంటిది, దానికి ధర కడితే నేను రానని."

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరు అడగలేదు కదండీ."

భీమరాజుగారు తలపాగా సర్దుకున్నారు. బంగార్రాజు వైపు తిరిగి, చుట్టుపక్కల బల్లలకు కూడా వినబడేలా, "మా మనవరాలండి," అన్నారు. "మా పెద్దబ్బాయి కూతురు." ఆపైన శ్రీదుర్గతో నెమ్మదిగా, "నాకూ విస్తరి వెయ్యి తల్లీ," అన్నారు.

"విస్తరి లేదండి, ప్లేటే."

"ప్లేటే పెట్టు."

అందాక ముట్టని గ్లాసులోంచి నీళ్లు చేతిలోకి తీసుకొని, పళ్లెం చుట్టూ పరిషేచన చేసి, ఆయన తొలిముద్ద నోట పెట్టుకున్నారు. మొదటి వడ్డన ముగియగానే తలెత్తి, "ఏదమ్మా మారు?" అన్నారు. గిన్నె పట్టుకున్న శ్రీదుర్గ కళ్లు తడిశాయి. నెయ్యి మాత్రం తొణకనివ్వకుండా వడ్డించింది.

"మొదటి వడ్డన బిల్లు నాకివ్వవే," అంది మాణిక్యాంబగారు. "అన్నం కొన్న పాపమేదో నాకే చుట్టుకోనీ."

చేయి కడుక్కొని వచ్చిన భీమరాజుగారు తన బల్ల దగ్గరికి రాలేదు. ఎవరో పిలిచినట్టు వరుసల వెంట నడవసాగారు. "మొహమాటపడకండి. వంకాయ ఇంకాస్త వేయించుకోండి. అమ్మా దుర్గా, ఇటు నెయ్యి." తెలుగు రాని ఉత్తరాది ప్రయాణికుడొకడు ఆ పెద్దాయన చేయి ఊపిన తీరు చూసి పళ్లెం ముందుకు జరిపాడు.

విమానం ఎక్కమని పిలుపు వినిపించింది.

"తాతగారూ, మీ ఫ్లైటండి."

"ఉండమ్మా. ఈ వరుస ఇంకా కాలేదు."

చివరి బల్ల దాకా అడిగాకే ఆయన సంచీ అందుకున్నారు. కాళ్లకు దండం పెట్టిన మనవరాలి తలమీద అరచేయి ఉంచి, భార్యతో, "ఇకమీదట ఇక్కడ విమానం ఎక్కేటప్పుడు క్యారేజీ పెట్టుకోకు," అన్నారు.

"ఇప్పుడు మాత్రం పెట్టుకుంటే కదండీ," అందామె.

ఈ కథ విన్నవారి ఇంట మారు వడ్డించే చేతులు కలకాలం చల్లగా ఉండుగాక. మారు అడిగే అతిథి వారి గడపకు ఎన్నడూ కొరవడకుండుగాక.