అన్ని మిషన్లకీ ఒకటే గరగర

మా ఆయన కుట్టుమిషన్లు బాగుచేస్తారు. కళ్లు మూసుకుని చక్రం తిప్పి, శబ్దాన్ని బట్టి రోగం చెప్పేస్తారు. అలాంటి మనిషికి చెవులు మందగించాయి. డాక్టరు దగ్గరికి వెళ్దాం రమ్మని నేను పోరుపెడుతుంటే, ఎక్కడినుంచో ఊరూ పేరూ లేని చెవి మిషన్ ఒకటి తెప్పించుకున్నారు.

"లోపల సరుకంతా ఒకటేనే. పైనున్న పేరుకే వాళ్లు గుంజేది," అన్నారు.

ఈ పాట నాకు కొత్త కాదు. మా ఇంట్లో ఏ వస్తువు ఎవరు చేశారో ఆ దేవుడికే తెలియాలి. గొడుగు మొదటి గాలికే వెనక్కి తిరిగింది. అయితే ఒళ్లు మండినా ఒప్పుకోవాలి, ఆయన స్క్రూడ్రైవర్లు పేరులేనివే, మా పెళ్లినాటి నుంచీ చెక్కుచెదరలేదు. అందుకే ఎక్కువ వాదించలేకపోయాను.

అది చెవిలో పెట్టుకున్నాక ఆయన సంబరం చూడాలి! "కుళాయి కారుతోందే!" అని కొట్టుగా వాడే ముందుగదిలోంచి కేకేశారు. కారుతున్న కుళాయికి అంత మురిసిపోయిన మనిషిని ఏమనగలను?

మర్నాడు పక్కవీధి టైలరమ్మ మిషన్ పంపింది. స్కూలు యూనిఫారాల ఆర్డరు ఆవిడ నెత్తిమీద ఉంది. ఈయన చక్రం తిప్పి, "లోపల గరగర. షటిల్ అరిగింది," అని తేల్చారు. షటిల్ మార్చి బిగించారు. గరగర పోలేదు. మళ్లీ విప్పారు. సాయంత్రం ఆవిడ వచ్చేసరికి మిషన్ ముక్కలుగా గుడ్డ మీద పరిచి ఉంది.

"బాబాయ్ గారూ, సూది పట్టుకునే స్క్రూ వదులైందని ఇచ్చాను. ఇదేంటి, మొత్తం పీకేశారు?"

ఆయన లేచి మా ఇంటి మిషన్ తిప్పారు. గోడవారన రిపేరుకొచ్చిన వాటినీ తిప్పారు. అన్నిటికీ అదే గరగర. స్టూలు మీద కూలబడ్డారు.

"ఇంక నావల్ల కాదే. కొట్టు మూసేస్తా."

ఆ పని తప్ప మరో లోకం తెలియని మనిషి.

"ఇప్పుడూ వినపడుతోందా?" అని అడిగాను.

"వినపడుతూనే ఉంది."

"ఏ మిషన్‌దండీ? ఒక్కటీ తిరగట్లేదుగా!"

ఆయన చుట్టూ చూశారు. చెవిలోది తీశారు, మళ్లీ పెట్టుకున్నారు, మళ్లీ తీశారు. టైలరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆయన మాత్రం తలొంచుకుని, వేళ్లతో తడిమి చూసుకుంటూ ఆవిడ మిషన్ బిగించి, ఆ వదులు స్క్రూ కూడా సరిచేసి ఇచ్చారు.

"స్క్రూడ్రైవర్ చెడిపోతే చేతికి తెలుస్తుంది. చెవిలోదే అబద్ధమాడితే ఎవర్ని అడుగుతారు?" అన్నాను. మర్నాడు మొదటిసారి ఆయనే, "డాక్టరు దగ్గరికి పద," అన్నారు.

చెవుల డాక్టరమ్మ పరీక్షలు చేసి, ఆయన వినికిడికి తగ్గట్టు సర్ది, మంచి మిషన్ పెట్టింది. ఏదైనా మాట్లాడమని నాకు సైగ చేసింది.

"వినపడుతోందా?" అన్నాను. గది దద్దరిల్లింది.

ఆయన ఉలిక్కిపడ్డారు. "ఎందుకే అరుస్తావ్? మామూలుగా మాట్లాడు."

మామూలుగా మాట్లాడదామనే నోరు తెరిచాను. మెల్లని గొంతు రాలేదు. ఇన్నాళ్లూ అరిచి అరిచి, ఈ మనిషితో మెల్లగా ఎలా మాట్లాడేదాన్నో మర్చిపోయాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన నా మొహం చూసి కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

"తొందరేం లేదు," అన్నారు. "వింటాను, చెప్పు."