రెండో చెయ్యి

కప్పీలో నాలుగు చుక్కల నూనె వేసి, తాడును రెండు వేళ్ళ మధ్య పట్టుకుని తడుముకుంటూ వచ్చాడతను. ఎక్కడైనా పోగు లేచిందేమోనని రోజూ చూసేదే. మేడంత ఎత్తున్న ఇనపమంచె, దాని మీద చేత్తో తిప్పే పళ్ళచక్రం, పక్కలకి తిరిగే ఇనపకడ్డీ చివరి కప్పీ మీదుగా వేలాడే తాడు, తాడు చివరి కొక్కేనికి ఇసక నింపిన చెక్కపెట్టె. రేవులో ఒడ్డు మీది ఉద్యోగాలకి మొదటి పాఠాలు చెప్పే ఆ బడికి అసలు క్రేను కొనే స్తోమత ఎప్పుడూ లేదు. అందుకని అతన్ని పెట్టుకున్నారు. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళంతా అతన్ని క్రేనన్న అంటారు.

ఓడ ఎక్కకుండానే ఓడల మీద బతికేవాళ్ళు చాలామంది ఉంటారు. ఓడ విసిరిన తాళ్ళు అందుకుని గుంజలకి కట్టేవాళ్ళు, దిగిన సరుకు సరిచూసుకునేవాళ్ళు, కాటా దగ్గర కూర్చునేవాళ్ళు, క్రేను కింద నిలబడి పైవాడికి చేతులతో సైగలు చేసేవాళ్ళు. ఈ చివరి పని నేర్పడానికే ఇనపమంచె. చూపుడువేలు పైకి పెట్టి గాల్లో సున్నా చుడితే ఎత్తమని. కిందికి పెట్టి చుడితే దించమని. పక్కకి చూపిస్తే అటు జరపమని. అరచెయ్యి అడ్డంగా ఊపితే ఆపమని. సున్నా చుట్టే చేతి మీద రెండో అరచేతిని గొడుగులా పట్టి ఉంచితే, ఆ చేసేదేదో నెమ్మదిగా చెయ్యమని. ఆ గొడుగు కనబడితే అతను చక్రాన్ని పన్ను పన్నుగా వదులుతాడు. కనబడకపోతే బిర్రున వదిలేస్తాడు.

కింది చెయ్యి ఏం చెబితే పైన అది చెయ్యడమే అతని కొలువు. తప్పు చెబితే తప్పే చెయ్యాలి. అలా చేస్తేనే తమ చెయ్యి ఏం చెప్పిందో వాళ్ళకి తెలుస్తుంది. "నువ్విక్కడ జాలిపడితే, రేపు రేవులో ఆ పెట్టె ఎవడి నెత్తిమీదో పడుతుంది" అని మాస్టారు చెప్పిన మాట అతనికి మంత్రంలా అలవాటైపోయింది.

మొదటి బ్యాచిలో అతనూ ఒక విద్యార్థే. పరీక్షలో బోర్లించిన మట్టికుండ మీద పెట్టెని పగలకుండా దించాలి. అతని కుండ పెంకులైంది. "పైకెక్కి చూడరా, కింద మీరు చేసే గజిబిజి ఎలా కనబడుతుందో" అని మాస్టారు మంచె ఎక్కించారు. అప్పుడు ఎక్కినవాడు ఇక దిగలేదు. తర్వాత వచ్చినవాళ్ళు కుండ గండం గట్టెక్కి రేవుకి వెళ్ళిపోతూనే ఉన్నారు. మంచె మీంచి చూస్తే గోదాముల రేకుల అవతల రేవు క్రేన్ల మెడలు కనబడతాయి. అతను వాటిని దూరపు చుట్టాల్ని చూసినట్టు చూస్తాడు. తిప్పీ తిప్పీ కుడిభుజం బెత్తెడు కిందికి జారింది. అందువల్ల చొక్కా ఎప్పుడూ ఒకపక్కకి వేలాడేది.

వేలాడేది అనాలి, ఇప్పుడు వేలాడటం లేదు. నలభై దాటాక, ఇక అవదనుకున్నాక, పోయిన వానాకాలంలో అతనికి పెళ్ళయింది. వచ్చిన వారంలోనే ఆమె అతని చొక్కాలన్నీ ముందేసుకుని, కుడివైపు అంచు మడిచి కుట్టేసింది. "ఎవరో ఒకపక్క పట్టుకుని లాగుతున్నట్టుందండీ, చూడలేకపోతున్నా" అంది. ఇప్పుడు రెండు అంచులూ సమంగా ఉంటాయి. మంచె మీద ఎవరూ చూడని చోట అతను అప్పుడప్పుడూ ఆ కుట్టుని వేలితో తడిమి చూసుకుంటాడు.

"క్రేనన్నా!" కిందనుంచి పొడుగాటి కుర్రాడొకడు కేకేశాడు. "ఇవాళ వదినకీ పరీక్షటగా! చూసీ చూడనట్టు దించెయ్యి. ఆ ఊపులో మాకూ దించెయ్యొచ్చు!"

"నాకున్నవి కళ్ళేరా బాబూ. చేతులు మీవి" అన్నాడతను.

అందరూ నవ్వారు. అతనూ నవ్వి, తాడు మీద ఇంకోసారి వేళ్ళు పోనిచ్చాడు.

ఇది ఆ మంచె మీద ఆఖరి బ్యాచి. లోపలి గదిలో పెద్ద తెర బిగించారు. ఇకమీద పాఠాలన్నీ దానిమీదేనట. మంచెని ఇనపకొట్టువాళ్ళు విప్పుకుపోతారు. బడి వెనక అతనుండే గది కూడా ఖాళీ చెయ్యాలి, తెర తాలూకు సామాను పెట్టుకోవడానికి. దిగిపోయిన భుజంతో అతను బస్తాలు మొయ్యలేడు. ఇక ఆశంతా ఈ బ్యాచిలో చదువుతున్న భార్య మీదే. రేవులో ఒక సైగల ఉద్యోగం ఖాళీ ఉంది, ఉండటానికి గదితో సహా. కుండ పగలకపోతే ఆ గది వాళ్ళది.

పగిలితే ఆమె అక్కగారింటికి పోవాలి. పెళ్ళికి ముందు ఆమె బతికింది అక్కడే. తెల్లవారక ముందు లేచి అందరికీ అన్నీ అమర్చిపెట్టినా, బావగారు ఇంటికొచ్చిన ప్రతివాడి ముందూ "తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు" అని ఆమెని చూపించేవాడట. పెళ్ళైన రాత్రి ఆమె అడిగింది ఒక్కటే. "నన్ను మళ్ళీ ఆ గుమ్మం తొక్కనివ్వకండి." అతను సరేనన్నాడు. జీవితంలో అతను ఇచ్చిన మాటలే తక్కువ. అందులో పెద్దది అదే.

ఈ చదువులో ఆమెని చేర్పించింది కూడా అతనే. రాత్రిళ్ళు ఆ చిన్న గదే రేవయ్యేది. కప్పుదూలానికి మేకు కొట్టి, దారం వేసి, దారానికి స్టీలు గ్లాసు కట్టాడు. అతను మంచం మీద నిలబడి క్రేను. ఆమె పొయ్యి దగ్గర, ఎడమచేత్తో కూరగిన్నె నడుముకి ఆనించుకుని, కుడిచేత్తో సైగలు. "క్రేనుగారూ, సరుకు జాగ్రత్త. టీ ఒలికితే మీ జీతంలో కోత!" గ్లాసు గాల్లో తూలుతూ వచ్చేది. దగ్గరికి రాగానే ఆమె కింది పెదవి పళ్ళకింద పెట్టుకునేది. అంటే నెమ్మదిగా అని. అతను వెంట్రుకవాసి చొప్పున దించేవాడు. గ్లాసు ఆమె అరచేతిలో వాలేది. ఒక్క చుక్క ఒలికేది కాదు. ఆమె ఊఁ అని గర్వంగా తలెగరేసేది. పొయ్యిమంట వెలుగులో ముక్కుమీద చెమట మెరిసేది. ఆ క్షణం కోసం అతను పగలంతా ఎదురుచూసేవాడు.

రెండో చెయ్యి ఏదీ?

అది అతనికి మొదటిరోజే కనబడింది. ఆ చేతిలో గిన్నె ఉంది. 'గిన్నె కింద పెట్టు, రెండో చెయ్యి పట్టు' అనాలి. రేపు అందాంలే అనుకున్నాడు. మర్నాడూ ఆమె పెదవి కొరికింది, అతను నెమ్మదిగా దించాడు. ఆ నవ్వు మధ్యలో తప్పులెంచడానికి నోరు రాలేదు. బళ్ళో మాస్టారు పక్కన నిలబడి "రెండో చెయ్యమ్మా!" అని అరిచినప్పుడల్లా ఆమె పెట్టేది. పరీక్షలో ఎవరూ అరవరు.

రేవునుంచి వచ్చిన పరీక్షాధికారి కుర్చీలో కూర్చున్నాడు. ముందు పొడుగాటి కుర్రాడు. కుండ నిలిచింది. తర్వాత ఇంకొకడు, వాడిది పగిలింది. కొత్త కుండ తెచ్చి బోర్లించారు.

ఆమె వచ్చి గీత మీద నిలబడింది. ఆ బ్యాచిలో ఆడమనిషి ఆమె ఒక్కతే. తలకి పచ్చ టోపీ, చేతులకి కొత్త తొడుగులు. పైకి చూసి చిన్నగా కళ్ళెగరేసింది, క్రేనుగారూ సిద్ధమా అన్నట్టు.

వేలు పైకి, సున్నా. అతను ఎత్తాడు. చక్కగా ఉంది. పక్కకి జరపమంది, జరిపాడు. ఆపమంది, ఆపాడు. పెట్టె సరిగ్గా కుండ నెత్తిన ఉంది. మాస్టారి ముఖంలో నవ్వు కనబడింది అతనికి. ఆమె వేలు కిందికి తిరిగింది. దించాడు. పెట్టె సగం దూరం దిగింది. ఆపమంది. ఇక మిగిలింది నెమ్మదిగా దించడమే.

కుడిచెయ్యి ముందుకొచ్చింది. వేలు కిందికి, చిన్న చిన్న సున్నాలు.

ఎడమచెయ్యి నడుము దగ్గరే ఉంది. ఖాళీ చెయ్యే, కానీ వేళ్ళు వంగి ఉన్నాయి, కనబడని గిన్నె ఏదో పట్టుకున్నట్టు. ఆమె కింది పెదవి పళ్ళకింద పెట్టుకుంది.

అతని చెయ్యి చక్రం మీద బిగుసుకుపోయింది. పన్ను పన్నుగా వదలడానికి అతనికి అడ్డేమీ లేదు. వదిలితే కుండ నిలుస్తుంది. ఆమె రేవుకి వెళుతుంది. అక్కడ పైన గాజుగదిలో కూర్చున్నవాడు ఎవడో ఏమో. వాడు ఆమె పెదవి చూడడు. చూసినా అదేమిటో వాడికేం తెలుసు? ఆ కింద ఎవరు నిలబడి ఉంటారు? ఆమే నిలబడి ఉంటుంది.

'పెట్టు' అనుకున్నాడు. 'రెండో చెయ్యి పెట్టు తల్లీ.' ఆమె ఎడమచేతినే చూశాడు. సున్నాలు తిరుగుతూనే ఉన్నాయి.

"క్రేను ఎందుకాగింది?" కిందనుంచి పరీక్షాధికారి గొంతు.

అతను బిర్రున వదిలేశాడు.

చప్పుడు పెద్దదేం కాదు. పెంకులు నాలుగువైపులా జారాయి. ఒక పెంకు దొర్లుకుంటూ వెళ్ళి ఆమె పాదానికి తగిలి ఆగింది. ఆమె దాన్ని చూసింది, తర్వాత తన ఎడమచేతిని చూసుకుంది. పైకి మాత్రం చూడలేదు.

"తర్వాతివాళ్ళు" అన్నాడు పరీక్షాధికారి.

మధ్యాహ్నం గదికి వెళ్ళేసరికి ఆమె సంచీ సర్దుతోంది. చీరలు ఎప్పటిలాగే అంచుకి అంచు కలిపి మడతపెడుతోంది. అది చూసే అతనికి ఎక్కువ భయం వేసింది. గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"మీకు తెలుసా?" అందామె, తలెత్తకుండానే.

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"మొదటిరోజు నుంచీ."

"మరి ఎందుకు చెప్పలేదు?"

అతను దూలం వైపు చూశాడు. "నీ చేతిలో గిన్నె ఉండేది" అన్నాడు చివరికి. దారం చివర గ్లాసు ఇంకా వేలాడుతోంది. "ఆ ఆట బాగుండేది" అన్నాడు.

ఆమె మడిచిన చీరని సంచీలోకి నొక్కింది. ముక్కు ఒకసారి గట్టిగా తుడుచుకుంది.

"ఇవాళ మీరు దించింది తప్పని నేననను. ఇంట్లో దించినవే తప్పు" అంది. సంచీ జిప్పు లాగింది. అది సగంలో ఇరుక్కుంది. అలవాటుగా అతనివైపు జరపబోయి, మళ్ళీ తనే సరిచేసుకుంది. "అక్కా వాళ్ళ ఊళ్ళో ఇలాంటి బడే ఇంకోటుంది. అక్కడ నిజం క్రేనుందట. మళ్ళీ మొదట్నించీ చేరతాను."

"మీ బావ..."

"అంటాడు. పడతాను."

"నేనూ వస్తా."

"ఎక్కడుంటారు? వాళ్ళ వరండాలోనా? ఆయన మిమ్మల్ని కూడా అంటుంటే నేను వినాలా?" సంచీ ఎత్తి గుమ్మం దగ్గర పెట్టింది. "అక్కడ పైనున్నవాడెవడో నాకు తెలీదు. వాడికి నేను తెలీదు. అదే మంచిది."

మళ్ళీ ఎప్పుడొస్తావని అతను అడగలేదు. రావడానికి గది ఉండాలిగా. మాస్టారు బయటనుంచి పిలిచారు. రేపు ఇనపకొట్టువాళ్ళు వస్తారట, తాడూ కప్పీ విప్పి పెట్టమని. "వెళ్ళండి, పిలుస్తున్నారు" అందామె. అతను వెళ్ళాడు. పిలిస్తే వెళ్ళడం, చెబితే చెయ్యడం తప్ప అతనికి వేరే ఏదీ అలవాటు కాలేదు.

మంచె మీద తాడు ముడి విప్పుతుంటే గేటు దగ్గర ఆమె కనబడింది. భుజానికి సంచీ. తాడు అతని చేతిలోంచి జారి కింద చుట్టలు చుట్టుకుపడింది. అతను నిచ్చెన వైపు పరుగెత్తాడు. ఒక కాలు మెట్టుకి తగిలీ తగలకుండానే రెండో కాలు వదిలేశాడు. మంచె గడగడలాడింది.

ఆ చప్పుడుకి ఆమె వెనక్కి తిరిగింది. సంచీ నేలమీద పెట్టింది. కుడిచెయ్యి చాచి, వేలు కిందికి పెట్టి సున్నా చుట్టింది. దానిమీద ఎడమ అరచేతిని గొడుగులా పట్టింది. నిటారుగా, కదలకుండా. మాస్టారు చూసి ఉంటే పొంగిపోయేవారు.

అతను ఆగాడు. ఒక మెట్టు దిగాడు. ఇంకోటి దిగాడు. ఆ రెండు చేతులూ చెప్పినట్టే, పన్ను పన్నుగా, దిగిపోయిన భుజాన్ని నిచ్చెనకి ఆనించుకుంటూ దిగాడు. నేలమీద కాలు పెట్టి తిరిగి చూసేసరికి గేటు దగ్గర ఎవరూ లేరు. బస్సు వెళ్ళిన చప్పుడు గోదాముల మలుపు దగ్గర సన్నగిల్లిపోతోంది.

పెంకులు ఊడ్చాడు. తాడు చుట్టచుట్టి మాస్టారి గదిలో పెట్టాడు. సాయంత్రం గది తలుపు తీశాడు. పొయ్యి తుడిచి ఉంది. కూరగిన్నె కడిగి బోర్లించి ఉంది. దూలానికి కొట్టిన మేకునుంచి దారం, దారం చివర స్టీలు గ్లాసు, అతను మంచం మీద నిలబడే చోటికీ ఆమె పొయ్యి దగ్గర నిలబడే చోటికీ సరిగ్గా నడుమ, ఎవరి సైగా అందక గాల్లో ఆగి ఉంది.