ఎరువు సంగతి

మొక్కల మేడం అంటే ఆ నాలుగు కాలనీల్లో తెలియనివాళ్లు లేరు. ఉద్యాన శిక్షణ కేంద్రంలో పాఠాలు చెప్పేది. మిగతా రోజుల్లో జనం కలిసి పెంచుకునే తోటల చుట్టూ తిరిగేది. పన్నెండేళ్లుగా ఏటా కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెడుతూ, వచ్చే ఏడైనా పర్మనెంట్ కాకపోతుందా అనుకునేది. ఆ దిగులు పైకి కనబడనివ్వకుండా కాలేజీలకు వెళ్లి, మొక్కల చదువు చదివితే ఎన్ని ఉద్యోగాలున్నాయో పిల్లలకు నోరారా చెప్పేది.

ఆ మాటలు నమ్మి చేరినవాళ్లలో సొంత అక్క కూతురు కూడా ఉంది. మట్టి పిసుక్కోడానికి చదువెందుకని అక్క మూతి తిప్పుకుంటే, తనే వెళ్లి నచ్చజెప్పి పిల్లను చేర్పించింది. నాలుగేళ్లూ దగ్గర కూర్చోబెట్టుకుని చదివించింది.

చివరికి ఆ ఉద్యోగం పర్మనెంట్ అయింది. ఆమె కాలేదు. డిప్లొమా చాలదు, డిగ్రీ కావాలన్నాడు డైరెక్టరు. ఆ మాట చెబుతున్నంతసేపూ కిటికీలోంచి బయటికే చూశాడు. ఎవరిని తీసుకున్నారో మాత్రం చెప్పలేదు.

వారం తిరక్కుండా అక్క కూతురు పనిముట్ల గది గుమ్మంలో నిలబడింది.

"తాళాలు నీ దగ్గరున్నాయట పిన్నీ."

ఆమెకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఎప్పుడు దరఖాస్తు చేశావని అడిగింది.

"నువ్వు బాధపడతావని చెప్పలేదు. నేను కాకపోతే ఇంకెవరో వచ్చేవాళ్లు."

అది నిజమే. నిజం కాబట్టే కడుపు రగిలింది.

కేంద్రం పెరట్లో అప్పటికే కొత్త ఎరువు గుట్టలా పడి ఉంది. తోటలన్నిటికీ వేయాల్సినది. అలవాటు ప్రకారం ఆమె ముందే రెండు కుండీల్లో ఆ ఎరువు కలిపి చిక్కుడు గింజలు వేసి చూసింది. మొలకల ఆకులు పిడికిళ్లలా ముడుచుకుపోయాయి. కలుపుమందు కొట్టిన గడ్డి తిన్న పశువుల పేడ అది. కూరగాయలకు విషం. ఆ ఎరువు వెనక్కి పంపమని డైరెక్టరుకు రాద్దామనుకుంటుండగానే ఆమె ఉద్యోగమే పోయింది.

తాళాలిచ్చింది. ఏ కుళాయి కారుతుందో, నీళ్ల దగ్గర ఎవరికెవరికి పడదో అన్నీ చెప్పింది. పిల్ల బుద్ధిగా రాసుకుంది.

"ఇంకేమైనా ఉందా పిన్నీ?"

"అంతే."

డిగ్రీ ఉంది కదా, తనే తెలుసుకుంటుంది అనుకుంది. పిల్ల వెళ్లాక కుండీలు రెండూ చెత్తడబ్బాలో బోర్లించింది.

రెండు నెలలయ్యాక, తోటలో మొదటినుంచీ ఉన్న రిటైర్డ్ బస్సు డ్రైవరు ఒక టమాటా మొక్క పీక్కుని ఆమె ఇంటికొచ్చాడు. ఆకులన్నీ మెలితిరిగి ఉన్నాయి. నాలుగు తోటల్లోనూ ఇదే వరసని, భార్య పోయాక పొద్దున్నే లేవడానికి తనకున్న పని అదొక్కటేనని చెప్పాడు. ఆమె మొక్కను అటూ ఇటూ తిప్పి చూసి, తెగులేమో అంది.

జనం కేంద్రానికి వెళ్లి గొడవ చేశారు. డైరెక్టరు తప్పంతా కొత్తమ్మాయి మీదికి తోసి, ఉద్యోగంలోంచి తీసేసి ఊరుకోలేదు, తోటల కార్యక్రమాన్నే ఎత్తేశాడు. ఆ స్థలాల్లో బండ్లు నిలుపుకోడానికి రాళ్లు పరిచారు. ఆ చదువులో చేర్పించి నా పిల్ల బతుకు మట్టిపాలు చేశావని అక్క ఫోన్లో దుమ్మెత్తిపోసింది. మళ్లీ మాట్లాడలేదు.

పిల్ల మాత్రం వచ్చింది. వచ్చి పిన్ని ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది.

"పన్నెండేళ్లు నువ్వు నిలబెట్టినదాన్ని నాలుగు నెలల్లో నాశనం చేశాను. ముందు చిక్కుడు వేసి చూడాలని నువ్వే కదా నేర్పావు. హడావిడిలో మరిచిపోయాను. నన్ను క్షమించు పిన్నీ."

అప్పుడైనా చెప్పవచ్చు. మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఆమె పిల్ల జుట్టు సవరించి, "పోనీలే, ఎవరికైనా జరుగుతుంది" అంది.

తను చేసిన తప్పుకు ఆ పిల్లను క్షమించింది.

అక్క కూతురు ఇప్పుడు ఫోన్ల దుకాణంలో చేస్తోంది. తల్లికి తెలియకుండా ప్రతి ఆదివారం వస్తుంది. మునుపటికంటే ప్రేమగా ఉంటుంది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచిన చప్పుడు వినగానే మొక్కల మేడం వంటింట్లోనే కాసేపు ఆగిపోతుంది. పిల్ల రెండోసారి పిలిచాక గాని ఇవతలికి రాదు.