సొట్ట గరిటె సాక్ష్యం

నేను ఒక గరిటెను. పప్పు తిప్పడానికి పుట్టినదాన్ని. ఇప్పుడు పోలీస్ స్టేషన్ వెనక గదిలో, మెడకు చీటీ కట్టించుకుని, ‘మారణాయుధం’ అనిపించుకుంటూ పడి ఉన్నాను. నవ్వకండి, నాకే సిగ్గుగా ఉంది.

నన్ను కొన్నది కనకవల్లి మేడం. విజయనగరం వైపు ఓ ఊళ్లో అనాథ బాలికల హోమ్‌కు వార్డెన్. మొదట్లో వాళ్లింటి వంటగదిలోనే ఉండేదాన్ని. ఓ రోజు కూర నచ్చలేదని వాళ్లబ్బాయి నన్ను విసిరికొట్టాడు. ఫ్రిజ్‌కు తగిలి నాకు ఇంత సొట్ట పడింది. “వీడికన్నీ వాళ్ల నాన్న బుద్ధులే!” అని ఆవిడ మురిసిపోయింది. పోలీసులెవరూ రాలేదు. సొట్టపోయిన గరిటె ఇంట్లో ఎందుకని నన్ను హోమ్‌కు దానం చేసింది. ఆహా, ఎంత ధర్మాత్మురాలో!

అక్కడ పెద్దపిల్లలే వడ్డించాలి. అలా పదహారేళ్ల పైడితల్లి చేతిలో పడ్డాను. ఈ లోకంలో దానికున్నది ఒక్క చెల్లెలు నూకాలే. ఆ పిల్లా అదే హోమ్‌లో ఉండేది. చెల్లెలి వంతు వస్తే పైడితల్లి నన్ను అడుగుదాకా ముంచి ముక్కలు ఏరి వేసేది.

ఆ హోమ్‌లో ఒక ఆచారం ఉంది. ఊళ్లో డబ్బున్నవాళ్లు తమ పిల్లల పుట్టినరోజుకు భోజనాలు పెడతారు. కేకు కోసి, అంతా చప్పట్లు కొట్టి, ఫొటో దిగాకే ఎవరైనా మెతుకు ముట్టాలి. ఆ రోజు కేకు ముందే వచ్చి బల్లమీద కూర్చుంది గానీ, మధ్యాహ్నం దాటినా దాతగారి జాడ లేదు. జ్వరంనుంచి అప్పుడే లేచిన నూకాలు కళ్లు తిరిగి గోడకు జారబడింది. పైడితల్లి గబగబా నాతో సాంబారన్నం తీసి దాని కంచంలో వేసింది.

“ఓసి దొంగమొహందానా! ఫొటో కాకుండానే ముట్టేశావా?” అంటూ మేడం కంచం లాగేసింది.

“నా సెల్లికి ఆకలేస్తంది మేడం! ఫొటో తింటాదేటి?” అని పైడితల్లి నన్ను విసిరేసింది. నేను వెళ్లి కేకులో పడ్డాను. మెత్తటి కేకు. నాకు గీత కూడా పడలేదు.

కన్నతల్లి అయితే రెండు తగిలించి, కాసేపటికి అన్నం పెట్టేది. మేడం పోలీసులకు ఫోన్ చేసింది. ఎస్సై వచ్చి నన్ను అటూఇటూ తిప్పి చూశాడు.

“ఇంత సొట్ట పడిందంటే ఎంత బలంగా విసిరిందో! మీ తలకి తగిలుంటే?”

మేడం నా సొట్ట చూసింది. గుర్తుపట్టింది. ఎందుకు పట్టదు, తన కొడుకు చేతి పనేగా!

“చంపేసేదేనండీ,” అంది. ఛీ!

పైడితల్లిని జీపెక్కించి, నేరం చేశారన్న పిల్లల్ని ఉంచే అబ్జర్వేషన్ హోమ్‌కు పంపారు. “దానికి ఇంకా నీరసమండి, నాను లేకపోతే తినదండి,” అని ఏడుస్తూనే ఎక్కింది.

మొన్న కేసు కాగితాల మీద సంతకం పెట్టడానికి మేడం స్టేషన్‌కు వచ్చింది. ఆ పిల్ల చెల్లెలు ఎలా ఉందని ఎస్సై అడిగాడు.

“బాగా దారికొచ్చిందండీ. ఇప్పుడు ఫొటో అయ్యేదాకా కంచం వంక కూడా చూడదు,” అంది.